జయపురం: కొరాపుట్ కొండల్లో పాత రాజధాని

జయపురం ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో అతి పెద్ద పట్టణం. 2011 జనగణన నాటికి పురపాలక సంఘ పరిధిలో దాదాపు 85 వేల మంది ఉన్నారు. 17వ శతాబ్ది నడుమ సూర్యవంశపు రాజులు నందపురం వదిలి ఇక్కడ రాజధాని కట్టుకున్నారు. అప్పటి నుంచి జమీందారీ రద్దయ్యే వరకు, సుమారు మూడు వందల ఏళ్లు, తూర్పు కనుమల ఎగువ సీమకు ఇదే కేంద్రం. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ ఊరు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. అందుకే ఒడిశాలో ఉన్నా తెలుగువారి విద్యా చరిత్రలో దీని పేరు గట్టిగా నిలిచింది.

పాత నగరం అనగానే ప్రాగ్, క్రాకోవ్ వంటి ఐరోపా నగరాలు చాలామందికి గుర్తుకొస్తాయి. అక్కడ పాత పేట ఒకటి ప్రత్యేకంగా ఉంటుంది. దాని రాతి కట్టడాలను అలాగే కాపాడుకుంటూ కొత్త ఊరిని చుట్టూ పెంచారు. క్రాకోవ్ పాత పేట 1978లో, ప్రాగ్ పాత పేట 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. జయపురంలో పాత పేటకూ కొత్త పేటకూ మధ్య అలాంటి సరిహద్దు లేదు. ఇక్కడి పాత కోటను 1775లోనే పడగొట్టారు. ఈ ఊళ్లో పాతదనం దసరాకు పల్లెల నుంచి నడిచొచ్చే దేవతల కర్రల్లోను, సంతలో వినిపించే మాటల్లోను, చుట్టుపక్కల పల్లెల గాదెల్లో దాచిన వరి విత్తనంలోను బతుకుతోంది. కొత్తదనం వాటి పక్కనే పెరిగింది. జయపురాన్ని చూడటమంటే ఈ రెంటినీ ఒకే వీధిలో చూడటమే.

ఉనికి, పేరు

విజయనగరం నుంచి సాలూరు మీదుగా రాయ్‌పూర్ పోయే జాతీయ రహదారి మీద, కొరాపుట్‌కు సుమారు 22 కిలోమీటర్ల దూరంలో జయపురం ఉంది. కొరాపుట్ సముద్ర మట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంటే, ఘాటీ దిగి వచ్చే జయపురం సుమారు 650 మీటర్ల ఎత్తున ఉన్న మైదానం. చుట్టూ కొండలు, నడుమ వరి మళ్లు. ఈ మైదానం వల్లే ఇక్కడ రాజధాని నిలవగలిగింది. కొండ మీద కోట కట్టుకోవచ్చు కానీ, దర్బారుకూ సైన్యానికీ ఏడాది పొడవునా తిండి పెట్టాలంటే పల్లపు భూమి కావాలి.

ఈ ప్రాంతపు ముఖ్యమైన నది కొలాబ్. దిగువకు పోయాక అదే శబరి అవుతుంది. కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. జయపురం పక్క కొండల మీద కురిసిన వాన చివరికి ఆంధ్రదేశపు గోదావరికే చేరుతుందన్నమాట.

ఒడియాలో ఊరి పేరు జయపుర. తెలుగులో జయపురం, జయపూరు అని రెండు విధాలుగానూ రాస్తారు. రాజస్థాన్ రాజధాని జైపూర్‌కు భిన్నంగా ఇంగ్లీషు రాతలో దీనికి వేరే అక్షరక్రమం స్థిరపడింది. జయపురం సబ్‌డివిజనులో జయపురంతోపాటు బొరిగుమ్మ, కోట్‌పాడ్, బొయిపరిగుడ, కుందుర బ్లాకులు ఉన్నాయి. పడమటి దిక్కున ఉన్న కుందుర ప్రాంతపు జనానికి ఆసుపత్రి, కాలేజీ, బట్టల కొనుగోలు, రైలు ప్రయాణం వంటి అవసరాలకు దగ్గరి పెద్ద ఊరు జయపురమే.

నందపురం నుంచి జయపురానికి

సంప్రదాయ వంశావళి ప్రకారం సూర్యవంశపు తొలి రాజు వినాయక దేవుడు 1443లో నందపురంలో గద్దెనెక్కాడు. అంతకు ముందు అక్కడ శిలావంశం వారు ఏలేవారు. వినాయక దేవుడు ఆ వంశపు ఆడపడుచును పెళ్లాడి రాజ్యం పొందాడని ఐతిహ్యం. నందపురంలో 32 మెట్ల సింహాసనపు శిథిలం నేటికీ ఉంది. స్థానికులు దాన్ని బత్తీస సింహాసనం అంటారు, విక్రమార్కుడి కథతో ముడిపెడతారు.

16వ శతాబ్దిలో విశ్వనాథ దేవుడు రాయగడను బలపరచి అక్కడ కోట కట్టాడు. రాయగడలోని మజ్జిఘరియాని అమ్మవారి గుడిని ఆయన కాలానిదిగా చెబుతారు. ఉత్తరాంధ్ర నుంచి ఆ అమ్మవారి దర్శనానికి వెళ్లే భక్తులు నేటికీ చాలామంది. ఆ శతాబ్ది చివరి భాగంలో ఈ రాజులు గోల్కొండ కుతుబ్ షాహీల ఆధిపత్యాన్ని ఒప్పుకున్నారు. 17వ శతాబ్ది నడుమ వీర విక్రమ దేవుడు రాజధానిని నందపురం నుంచి జయపురానికి తెచ్చాడు. వంశపు తొలి చోటు నందపురమే అయినా, లోకానికి ఈ రాజ్యం జయపురం సంస్థానంగానే తెలిసింది.

కంపెనీ కాలం

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. అప్పటికి విజయనగరం రాజులైన పూసపాటివారు జయపురం మీద తమకు హక్కుందని చెబుతుండేవారు. కొండ రాజులు ఆ పెత్తనాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు. ఈ పెనుగులాట నడుమ 1775లో కెప్టెన్ మాథ్యూస్ నాయకత్వాన కంపెనీ సేన జయపురం వచ్చి కోటను పడగొట్టింది. పట్టణ చరిత్రలో అంత పెద్ద దెబ్బ మరొకటి లేదు. రాజులు తరవాత మరో చోట నివాసం కట్టుకున్నారు గానీ, పాత కోట మళ్లీ లేవలేదు.

1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించాక పరిస్థితి మారింది. జయపురం రాజుకు కంపెనీ విడిగా సనదు ఇచ్చింది. శాశ్వత శిస్తు ఏర్పాటులో జయపురం కంపెనీకి కట్టాల్సిన పేష్కషును ఏడాదికి 16 వేల రూపాయలుగా నిర్ణయించారు. సంస్థానం ఎంతో విశాలమైనదైనా పేష్కషు తక్కువగా పెట్టడానికి కారణం ఉంది. ఇక్కడ అడవి ఎక్కువ, దారులు తక్కువ, మన్యపు జ్వరం భయం. శిస్తు వసూలు చేయడమే కంపెనీకి కష్టమైన సీమ ఇది.

ఏజెన్సీ పాలన

1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరుకు ప్రభుత్వ ఏజెంటుగా అధికారం ఇచ్చింది. మన్యాన్ని నేటికీ తెలుగులో 'ఏజెన్సీ' అనడం ఆ ఏర్పాటు నుంచి వచ్చిందే. 1863 నుంచి బ్రిటిష్ అధికారులు జయపురంలోనే ఉండి పాలన సాగించారు. జ్వరాల బాధ తట్టుకోలేక 1870లో కేంద్రాన్ని కొంత ఎత్తున, చల్లగా ఉండే కొరాపుట్‌కు మార్చారు. అప్పటి నుంచి రెండు ఊళ్లకూ పని పంపకం జరిగినట్టయింది. కచేరీలు కొరాపుట్‌కు, గద్దె, వర్తకం, పండుగ జయపురానికి. జిల్లా కేంద్రం కొరాపుట్ అయినా పెద్ద ఊరు జయపురం కావడానికి మూలం ఇదే.

1896లో మూడవ విక్రమ దేవుడికి మహారాజా బిరుదు దక్కింది. ఆయన తరవాత రామచంద్ర దేవుడు 1920 నుంచి 1931 దాకా ఏలాడు.

ఒడిశాలో చేరిక

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు జయపురం సంస్థానం అందులో చేరి కొరాపుట్ జిల్లా అయింది. సాలూరు, పార్వతీపురం మద్రాసు రాజధానిలోనే ఉండిపోయాయి. బంధుత్వాలు, వ్యాపారాలు, బళ్ల దారులు మాత్రం ఎప్పటిలాగే రెండు వైపులా సాగాయి.

1942 క్విట్ ఇండియా ఉద్యమం ఈ కొండల్లో గట్టిగా సాగింది. ఆ ఏడాది ఆగస్టులో మథిలిలో, పాపడహండిలో పోలీసులు కాల్పులు జరిపారు. మథిలి ఘటనకు సంబంధించిన కేసులో తెంతులిగుమ్మకు చెందిన ఆదివాసీ నాయకుడు లక్ష్మణ్ నాయక్‌ను 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరి తీశారు. 1950ల తొలి ఏళ్లలో జమీందారీలు రద్దయ్యాయి. 1992లో కొరాపుట్ జిల్లా నుంచి రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు విడిపోయాయి.

విక్రమదేవ వర్మ, తెలుగు విద్య

జయపురాన్ని తెలుగువారు మరచిపోకుండా చేసినవాడు విక్రమదేవ వర్మ. 1869లో పుట్టాడు. గద్దె వస్తుందన్న నిశ్చయం లేని శాఖకు చెందినవాడు కావడంతో చాలాకాలం విశాఖపట్నంలో చదువు, సాహిత్యాలతో గడిపాడు. 1931లో, అరవై దాటిన వయసులో, మహారాజయ్యాడు. సంస్కృతం, ఒడియా, తెలుగు మూడింటిలోనూ పండితుడు, కవి.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటికి చిన్న సంస్థ. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో దాని ఉపకులపతి అయి సైన్సు, సాంకేతిక విద్యలను మొదలుపెట్టాలని తలపెట్టినప్పుడు, డబ్బు పెద్ద సమస్య అయింది. విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల విరాళం ప్రకటించాడు. ఆనాటి లక్ష రూపాయలు ఒక కాలేజీని నిలబెట్టగలిగిన మొత్తం. వాల్తేరులో వెలసిన ఆ సైన్సు, టెక్నాలజీ కళాశాలకు జయపురం విక్రమదేవ వర్మ పేరే పెట్టారు. ఉత్తరాంధ్ర పిల్లలు మూడు నాలుగు తరాలుగా భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం నేర్చుకున్న ఆ తరగతి గదుల వెనక జయపురం మైదానపు వరి శిస్తు ఉంది. చోడి (రాగి) పండించి, మెట్ట దున్ని, కుప్ప నూర్చిన కొండ రైతుల చెమట కూడా ఆ విరాళంలో ఉన్నదని గుర్తుంచుకోవడం న్యాయం.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే జయపురంలో విక్రమదేవ కళాశాల మొదలైంది. ఆదివాసీ పిల్లలకు ఇంటి దగ్గరే డిగ్రీ చదువు అందించిన ఆ సంస్థ ఇటీవలి సంవత్సరాల్లో విక్రమదేవ విశ్వవిద్యాలయంగా ఎదిగింది. విక్రమదేవ వర్మ 1951లో కన్నుమూశాడు. ఇలా విశాఖలో ఒకటి, జయపురంలో ఒకటి, రెండు రాష్ట్రాల్లో రెండు విద్యాలయాలు ఒకే మనిషి పేరు మోస్తున్నాయి. విశాఖ సముద్రతీరంలోని హవామహల్ కూడా జయపురం రాజకుటుంబపు కట్టడమే.

పట్టణ రూపం

ఊరి నడుమ ఎత్తయిన సింహద్వారం, దాని వెనక ప్రహరీ లోపల రాజమహలు. ఊళ్లోకి వచ్చిన కొత్తవారికి ముందుగా కనబడే పాత గుర్తు ఇదే. లోపలి భాగం చూడాలనుకునేవారు అనుమతి సంగతి ముందే కనుక్కోవాలి. సింహద్వారం ఎదుట నిలబడితే ఆటోల రొద, సెల్‌ఫోన్ దుకాణాల వెలుగు, పూలమ్మే గంపలు, సంతకు దిగిన పల్లెజనం, అన్నీ ఒక్క చూపులో కనబడతాయి. రాజవీధి పోయి బజారు రాలేదు. రాజవీధే బజారయింది.

ఊరి అంచున ఉన్న జగన్నాథ సాగరం జయపురపు పెద్ద చెరువు. ఎండాకాలం సాయంత్రాలు ఊరంతా ఆ గట్టునే చేరుతుంది. జగన్నాథుడి గుడి, రఘునాథుడి గుడి, భగవతి గుడి, కనకదుర్గ గుడి పట్టణపు ముఖ్యమైన ఆలయాలు. ఏటా రథయాత్ర జరుగుతుంది. జగన్నాథ ఆరాధనకు మూలం శబరుల నీలమాధవుడని పురాణ సంప్రదాయం. ఆదివాసీ సీమలో జగన్నాథుడి రథం లాగడాన్ని ఇక్కడివారు అరువు తెచ్చుకున్న ఆచారంగా చూడరు, తమ దేవుడు తమ ఇంటికి వచ్చినట్టు భావిస్తారు. కొరాపుట్‌లోని జగన్నాథ ఆలయానికి శబర శ్రీక్షేత్రమని పేరు పెట్టుకోవడం వెనక ఉన్నది ఈ నమ్మకమే.

దసరా: ఊళ్లు కర్రలై నడిచి రావడం

జయపురానికి రావడానికి అన్నిటికన్నా మంచి సమయం దసరా. రాజకుటుంబపు ఇలవేల్పు కనకదుర్గ. గజపతి పురుషోత్తమ దేవుడి కంచి దండయాత్ర తరవాత ఆ అమ్మవారి విగ్రహం ఈ వంశానికి దక్కిందని స్థానిక ఐతిహ్యం.

ఈ దసరా ప్రత్యేకత లాఠీలు. సంస్థానంలోని పల్లెలు తమ ఊరి దేవతకు గుర్తుగా పొడవాటి వెదురు కర్రను పూలతో, జెండాలతో అలంకరించి జయపురం తెస్తాయి. కర్ర వెంట పూజారి, డోలు వాద్యగాళ్లు, ఊరి పెద్దలు నడుస్తారు. ఆ లాఠీలన్నీ ఒకచోట కూడి కనకదుర్గతో కలిసి ఊరేగుతాయి. ప్రతి కర్రా ఒక ఊరి దేవత. ఊరేగింపు చూస్తున్నవాడికి పాత సంస్థానపు పటం కళ్ల ముందు నడిచి పోతున్నట్టు ఉంటుంది.

రాజుల కాలంలో ఈ కూడిక పాలనకు కూడా ఉపయోగపడింది. దారులు లేని కొండల్లో ఏ ఊరు తన వెంట ఉన్నదో, ఏ ఊరు దూరమైందో రాజుకు దసరా చెప్పేది. ఊరి దేవతను రాజధానికి పంపడమంటే ఊరు తన విధేయతను ప్రకటించడం. ఆ దేవతను ఆదరించడమంటే రాజు ఆ ఊరి గౌరవాన్ని ఒప్పుకోవడం. గద్దె పోయింది, శిస్తు పోయింది, పేష్కషు పోయింది. లాఠీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. రాజు పిలిచినందుకే ఊళ్లు వచ్చేవైతే జమీందారీతోపాటు ఈ పండుగా ఆగేది. ఇన్ని ఊళ్ల దేవతలు ఏడాదికోసారి కలుసుకోవాలన్న కోరిక జనానిదే కాబట్టి నిలిచింది.

భాషలు, జనం

జయపురం సంతలో ఒక పూట నిలబడితే ఎన్నో భాషలు చెవినపడతాయి. బడిలో, కచేరీలో ఒడియా. బజారులో ఒడియాతోపాటు తెలుగు, హిందీ. పల్లెజనం మధ్య దేశియా. దేశియా ఒడియాకు దగ్గరి భాష. వేరువేరు తెగలవారు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడే ఉమ్మడి మాట అదే.

ఇళ్లలో మాట్లాడుకునే ఆదివాసీ భాషలు రెండు పెద్ద కుటుంబాలకు చెందినవి. గుతోబ్ గదబ, బోండా భాషలు ముండా శాఖవి. ఒల్లారి గదబ, పర్జీ, పెంగో, కువి ద్రావిడ భాషలు. వీటిలో కువి, పెంగో తెలుగుకు దగ్గరి చుట్టాలు. తెలుగు, గోండి, కుయి, కువి, పెంగో, కొండ భాషలు ఒకే ఉపశాఖలోవని భాషావేత్తలు తేల్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి కొండ భాష మీద రాసిన గ్రంథం 1969లో వచ్చింది. అంతకు ముందే గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడి సవర భాషను నేర్చి, 1931లో దాని వ్యాకరణాన్ని వెలువరించారు. తెలుగు భాష పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలంటే ఈ కొండల వైపు చూడక తప్పదు.

పట్టణంలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఉప్పు, బట్టలు, కిరాణా వ్యాపారాలతో సాలూరు ఘాటీ ఎక్కినవారు, సంస్థానపు కొలువుల్లో చేరినవారు, మద్రాసు ప్రభుత్వ ఉద్యోగులుగా వచ్చినవారు ఇక్కడే స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో దేశియా మాట్లాడే పిల్లలు ఈ ఊళ్లో అరుదు కాదు. పెద్ద వైద్యానికి విశాఖపట్నం, పెళ్లి బట్టలకు విజయనగరం వెళ్లడం ఇప్పటికీ మామూలే.

ఈ సీమ ఒడియా సాహిత్యానికి కూడా గొప్ప నవలలనిచ్చింది. ప్రభుత్వోద్యోగిగా కొరాపుట్‌లో పనిచేసిన గోపీనాథ్ మహంతి ఇక్కడి బతుకుల్ని 'పరజా' (1945), 'అమృతర సంతాన' నవలల్లో చిత్రించాడు. 'అమృతర సంతాన'కు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. ఆయనకు 1973 జ్ఞానపీఠం వచ్చింది.

బ్రెక్లుం నుంచి వచ్చినవారు

ఐరోపాతో జయపురానికి ఉన్న సంబంధం బ్రిటిష్ పాలనతోనే ముగియదు. ఉత్తర జర్మనీలో బ్రెక్లుం అనే చిన్న ఊరు ఉంది. అక్కడి పాస్టర్ క్రిస్టియాన్ యెన్సెన్ 1876లో ఒక లూథరన్ మిషను స్థాపించాడు. ఆ మిషనువారు మొదట బస్తరులో పని చేయాలనుకున్నారు. అది కుదరక 1882లో సాలూరు, కొరాపుట్‌లకు వచ్చారు. తరవాత జయపురం, కోట్‌పాడ్, నవరంగపూర్, పార్వతీపురాలకు విస్తరించారు. ఘాటీకి ఎగువన ఒడియాలోను, దిగువన తెలుగులోను బోధించాల్సి రావడంతో ఈ మిషను మొదటి నుంచీ రెండు భాషలదయింది. బడులు, వసతిగృహాలు, వైద్యం దాని ముఖ్యమైన పనులు.

1928లో స్థానిక క్రైస్తవులు జయపురం ఇవాంజిలికల్ లూథరన్ చర్చిగా ఏర్పడ్డారు. నేటికీ ఆ చర్చి పేరులో జయపురమే ఉంది. రాజమహలు, జగన్నాథుడి గుడి, లూథరన్ చర్చి ఒకే పట్టణంలో తమ తమ గంటలు మోగిస్తున్నాయి.

వరి, చోడి, కుందుర పల్లెలు

జయపురం ప్రాంతం శాస్త్రలోకంలో తన వరితోనే ఎక్కువ పేరు తెచ్చుకుంది. ఆసియా వరికి ఇది ద్వితీయ జన్మస్థానాల్లో ఒకటని వృక్షశాస్త్రజ్ఞులు భావిస్తారు. 1955 నుంచి 1959 వరకు కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ ఇక్కడ చేసిన సర్వేలో 1,745 వరి రకాలు సేకరించింది. ఒక చిన్న సీమలో ఇన్ని రకాలు ఉండటానికి కారణం కొండ వాలు. మెట్టకు ఒక రకం, మధ్య మడికి ఒక రకం, నీరు నిలిచే పల్లానికి మరొక రకం కావాలి. కొత్తల పండుగకు ముందుగా పండే వడ్లు, పేలాలకు పనికొచ్చేవి, సువాసన ఇచ్చేవి, ఇలా ఒక్కో అవసరానికి ఒక్కో విత్తనం. ఏది ఎక్కడ చల్లాలో తెలిసినవారు, ఏటా విత్తనం ఏరి దాచినవారు ఎక్కువగా ఆడవాళ్లు.

అధిక దిగుబడి రకాలు, కాలువ నీళ్లు వచ్చాక ఎన్నో పాత రకాలు పొలాల నుంచి మాయమయ్యాయి. ఆ నష్టం ముందే గుర్తించి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ జయపురంలో కేంద్రం పెట్టి రైతులతో కలిసి పాత విత్తనాలను కాపాడే పని చేపట్టింది. ఈ కృషికి జయపురం ఆదివాసీ రైతులకు 2002లో జొహానెస్‌బర్గ్‌లో ఈక్వేటర్ ఇనిషియేటివ్ పురస్కారం అందింది. బొయిపరిగుడ బ్లాకు పాత్రాపుట్‌కు చెందిన కమలా పూజారి వందకు పైగా వరి రకాలు దాచి 2019లో పద్మశ్రీ అందుకుంది, 2024లో కన్నుమూసింది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయానికి ప్రపంచ ప్రాముఖ్యం గల వారసత్వంగా గుర్తింపు ఇచ్చింది. ఇక్కడి సువాసన వరి కాలాజీరకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

కుందుర బ్లాకు నువాగుడకు చెందిన రైతు రాయిమతి ఘివూరియా చిరుధాన్యాలకు అలాంటి పనే చేస్తోంది. ముప్పై రకాల చిరుధాన్యాలు, ఎన్నో వరి రకాలు కాపాడి, 2023లో ఢిల్లీ జి20 సమావేశాల సందర్భంగా వాటిని ప్రదర్శించింది. ఒడిశా ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన చిరుధాన్యాల పథకం కూడా ఇలాంటి రైతుల అనుభవం మీదే ఆధారపడింది. ఇక్కడి మాండియా పేజ్ అంటే ఉత్తరాంధ్రవారి చోడి అంబలే. పొద్దున్నే సొరకాయ బుర్రలో పోసుకుని పొలానికి పట్టుకెళ్తారు. పట్టణంలో అదే చోడి ఇప్పుడు బిస్కత్తుగా, టిఫినుగా అమ్ముడవుతోంది.

కోట్‌పాడ్ నేత

జయపురం నుంచి జగ్దల్‌పూర్ వెళ్లే దారిలో ఉన్న కోట్‌పాడ్ నేతకు ప్రసిద్ధి. మిర్గాన్ కులపు నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడు నుంచి రంగు తీసి నూలుకు అద్దుతారు. ముదురు ఎరుపు నుంచి కాఫీ గోధుమ వరకు ఛాయలు వస్తాయి. రసాయనపు రంగు కలపరు. రంగు పట్టడానికి ఆముదం, బూడిద, పేడ వాడతారు. ఎన్నో రోజుల పని. చీర అంచున పీతలు, చేపలు, పడవలు, గుడులు నేస్తారు. ఈ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. నేతగాడు గోవర్ధన్ పణికకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు ఆదివాసీ పెళ్లికూతురు కట్టుకున్న బట్టే నేడు పెద్ద నగరాల దుకాణాలకు చేరుతోంది.

కొత్త జయపురం

స్వాతంత్ర్యానంతరం కొండల నడుమ పెద్ద పరిశ్రమలు, ప్రాజెక్టులు వచ్చాయి. ఒడిశా, ఆంధ్ర ఉమ్మడిగా కట్టుకున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. 1960లలో సునాబేడలో విమాన ఇంజిన్ల కర్మాగారం, 1980లలో దామన్‌జోడిలో అల్యూమినా కర్మాగారం వెలిశాయి. 320 మెగావాట్ల ఎగువ కొలాబ్ ప్రాజెక్టు జయపురం మైదానానికి కాలువ నీరిచ్చింది. వీటివల్ల బజారు పెరిగింది, ఉద్యోగాలొచ్చాయి. జలాశయాల కింద, గనుల కింద ఊళ్లు, భూములు కోల్పోయిన ఆదివాసుల బాధ కూడా ఈ ప్రగతి కథలో భాగమే.

బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో కట్టిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం జయపురం మీదుగానే పోతుంది. 1990లలో కొరాపుట్–రాయగడ మార్గం కూడా పూర్తయింది. 2022లో ఉడాన్ పథకం కింద జయపురం నుంచి చిన్న విమానాలు ఎగరడం మొదలైంది.

పరిసరాలు, ప్రయాణం

విశాఖపట్నం నుంచి జయపురానికి రోడ్డు మీద సుమారు 220 కిలోమీటర్లు. సాలూరు, సుంకి, పొట్టంగి మీదుగా ఘాటీ ఎక్కే దారి అందమైనది, మలుపులు ఎక్కువ. రైలులో అయితే అరకు మీదుగా రావచ్చు. ఆ మార్గంలో 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను, సొరంగాల వరుస చూడదగ్గవి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. కోతల వేళ మైదానమంతా బంగారు వన్నెతో ఉంటుంది. దోమల నుంచి జాగ్రత్త అవసరం.

శబరి ఒడ్డున అడవి నడుమ గుహలో వెలసిన గుప్తేశ్వరం జయపురానికి సుమారు 60 కిలోమీటర్లు. శివరాత్రికి యాత్రికులు పోటెత్తుతారు. మాచ్‌ఖండ్ నది 150 మీటర్లకు పైబడిన ఎత్తు నుంచి దూకే డుడుమ జలపాతం, ఒడిశాలో అత్యున్నత శిఖరమైన 1,672 మీటర్ల దేవ్‌మాలి, నందపురం సింహాసనం, సుబాయి జైన ఆలయాలు, కొరాపుట్ ఆదివాసీ మ్యూజియం ఒక్కొక్క రోజు ప్రయాణాలు. శుక్రవారం కుందులి సంత, గురువారం అంకడెల్లి సంత పేరున్నవి. సంతకు వచ్చేవారు తమ పని మీద వచ్చినవారని గుర్తుంచుకుని, అడగకుండా ఫొటోలు తీయకూడదు.

ప్రాముఖ్యం

రాతి కట్టడానికి కంచె కట్టి కాపలా పెట్టవచ్చు. విత్తనానికి అది చాలదు. ఏటా విత్తి, కోసి, ఏరి మళ్లీ దాచితేనే అది మిగులుతుంది. లాఠీని ఏటా అలంకరించాలి, భాషను రోజూ మాట్లాడాలి. జయపురం వారసత్వమంతా ఇలా చేతుల మీదుగా నడిచేదే. దాన్ని కాపాడుతున్నది నువాగుడ, పాత్రాపుట్, కోట్‌పాడ్ వంటి ఊళ్ల మనుషులు. దసరా నాడు సింహద్వారం ముందు లాఠీలు సాగిపోతున్నప్పుడు కనబడేది పాత రాజ్యపు జ్ఞాపకం ఒక్కటే కాదు. ఆ కర్ర మోసుకొచ్చిన పల్లె వచ్చే ఏడాది కూడా వస్తానని చెబుతోంది. వాళ్ల పొలం, వాళ్ల మాట, వాళ్ల దేవత క్షేమంగా ఉన్నంతకాలం జయపురం పాత రాజధానిగానే ఉంటుంది, ఎంత కొత్త ఊరైనా.